హేతుదీపపు ఎర్రవెలుగు

చందనపుఁ బూత మాటున జగతిఁ గాచు
సింహగిరినాథ! మాలోని చిత్తవృత్తి
నీవు గాకింక నెవ్వరు నిజముఁ గంద్రు?
కొలుచు మా గర్వ మణఁచి చేకొనుము తండ్రి!

ఆ స్వామి పాదాలకు మొక్కి, మనిషి మనసును కొలవబూనిన ఒక యంత్రం కథ చెబుతున్నాను. సావధానులై వినండి.

భీమునిపట్నంలో, సముద్రానికి ఎదురుగా ఎర్రమట్టి గుట్ట మీద ఒక పరిశోధనాలయం ఉండేది. దానికి అధిపతి కిళాంబి శఠగోపాచార్యులు. ఆయన నాడీశాస్త్రంలోనూ అలంకారశాస్త్రంలోనూ సరిసమానంగా ఆరితేరిన పండితుడు. తెల్లవారగానే తిరువారాధన ముగించి, నొసటి తిరునామం ఆరకముందే యంత్రాల ముందు కూర్చునేవారు. ఆయన జీవితకాలపు శ్రమకు ఫలంగా వెలిసిన వస్తువు పేరు హేతుదీపం.

చూపుకు అది చాలా చిన్నది. మణికట్టుకు తొడిగే రాగి కడియం ఒకటి, పక్కన నిలబెట్టే మూడు గాజు గొట్టాల స్తంభం ఒకటి. మనిషి ఒక మంచిపని చేస్తున్నప్పుడు అతని నాడిలో, చర్మంలో, ఊపిరిలో కలిగే మార్పులను కడియం చదువుతుంది. ఆ మంచి ఏ ఊటలోంచి పుట్టిందో స్తంభం వెలిగి చెబుతుంది.

శిశు సంరక్షణ మండలి వారు మొదటిసారి చూడటానికి వచ్చిన రోజున ఆచార్యులు ఉపన్యాసం ఇవ్వలేదు. వారిని రేవుకు తీసుకువెళ్ళారు. అక్కడ కలిసి వల లాగిన జాలరులు ముందే అనుకున్న వంతుల ప్రకారం చేపలు పంచుకుంటున్నారు. వారి చేతికి కడియం తొడిగితే నీలపు గొట్టం వెలిగింది. అది ఒడంబడిక. దారిలో దొరికిన సంచిని, ఎవరూ చూడకపోయినా, సొంతదారుకు అప్పగించిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి తెల్లని గొట్టం వెలిగింది. అది శీలం. సంతలో తప్పిపోయి దొరికిన కొడుకును గుండెకు హత్తుకున్న ఒక తల్లికి కుంకుమలాంటి ఎర్రవెలుగు వచ్చింది. అది వాత్సల్యం.

మండలి అధ్యక్షుడు వడ్డాది గజపతిరావు గారు మూడింటిలో ఏది గొప్పదని అడిగారు. ఆచార్యులు తడుముకోకుండా జవాబు చెప్పారు.

"ఒడంబడిక వల్ల సంఘం నిలుస్తుంది. శీలం వల్ల మనిషి నిలుస్తాడు. బిడ్డ మాత్రం వాత్సల్యం వల్లనే బతుకుతుంది. తత్త్వవేత్తలైన పురుషులు మొదటి రెండింటి గురించే వాదించుకుంటూ ఉండిపోయారు. మూడవదాన్ని ఎత్తిచూపినవారు స్త్రీలు. వారి మాటకు నేను ఈ యంత్రంలో పెద్దపీట వేశాను."

గజపతిరావు గారికి ఈ మాట బాగా నచ్చింది. తల్లీతండ్రీ లేని పిల్లలను ఎవరికి అప్పగించాలన్న తగాదాలతో ఆయన విసిగిపోయి ఉన్నారు. సాక్షులు అబద్ధం చెబుతారు, బంధువులు ఏడ్చి నమ్మిస్తారు, దీపం మాత్రం చెప్పదు కదా అనుకున్నారు. ఎవరి ఎరుపు ఎక్కువైతే బిడ్డ వారిది, ఎవరికీ ఎరుపు లేకపోతే బిడ్డ ప్రభుత్వ శిశువిహారానిది అని మండలి నియమం చేసింది. ఆ నియమం వాక్యాలు కూర్చి ఇచ్చినవారు ఆచార్యులే.

పరిశోధనాలయంలో ఈ సంబరానికి దూరంగా నిలబడిన మనిషి ఒక్కతే. ఆమె డాక్టర్ సువార్త, మూర్ఛవ్యాధుల వైద్యురాలు, చాలాకాలంగా ఆచార్యుల సహోద్యోగి. ఎరుపు గొట్టానికి కొలత ఎవరినుంచి తీసుకున్నారని ఆమె పలుమార్లు అడిగింది. కల్యాణోత్సవాల్లో పురాణం వింటున్న భక్తులనుంచి తీసుకున్నానని ఆచార్యులు చెప్పారు. బిడ్డకు దూరమైన తల్లి ఘట్టం రాగానే శ్రోతల కళ్ళు చెమ్మగిల్లడం, గొంతు గద్గదమవడం, ఒళ్ళు గగుర్పొడవడం, నిశ్చేష్టులవడం, అంటే శాస్త్రంలో చెప్పిన సాత్త్విక భావాలన్నీ, కడియంలో అచ్చుగుద్దినట్టు దిగాయట. ఇళ్ళలో తల్లులను కూడా కొలిచి చూశానని, కానీ ఒకామెకు పొయ్యి మీద పాలు, ఇంకొకామెకు బస్సు వేళ గుర్తొచ్చి కొలతలు మసకబారాయని, అందుకే వాటిని పక్కన పడేశానని ఆయన అన్నారు. సువార్త ముఖంలోని అనుమానం తొలగలేదు.

ఆచార్యులకు ఆ సమయంలో వేరొక అనుమానం పట్టుకుని ఉంది. అది ఆయన ఇంట్లోనే ఉంది.

ఆయన ఏకైక కుమారుడు వరదుడు సముద్రగర్భాన్ని కొలిచే నౌకలో పనిచేస్తూ తుపానులో పోయాడు. వరదుడి మొదటి భార్య సుచరిత బిడ్డను కన్న ఏడాదికే జబ్బుతో కన్నుమూసింది. ఆ బిడ్డ ఆండాళు. ఏడేళ్ళది. పుట్టుకతో మూర్ఛ ఉంది. వరదుడు రెండవసారి చేసుకున్న హైమవతి విజయనగరం పిల్ల, రేవులో ఆటుపోట్లు లెక్కగట్టే కార్యాలయంలో ఉద్యోగి. భర్త పోయాక కూడా ఆమె పుట్టింటికి వెళ్ళలేదు. పిల్లను చూసుకుంటూ మామగారి ఇంట్లోనే ఉండిపోయింది.

ఎందుకు ఉండిపోయింది? ఈ ప్రశ్న ఆచార్యులను పురుగులా తొలిచేది. తన కడుపున పుట్టని పిల్ల. పెళ్ళయిన కొద్దికాలానికే పోయిన మొగుడు. చిన్న వయసు, చేతిలో ఉద్యోగం. ఏ ఆశా లేకుండా ఒక మనిషి ఇంత చాకిరీ చేస్తుందా? ఆయన గమనించడం మొదలుపెట్టారు. హైమవతి ఆండాళుకు మాత్ర వేసేటప్పుడు ముద్దుచేయదు. జడ వేసేటప్పుడు కథ చెప్పదు. పిల్ల తనను పిన్నీ అని పిలుస్తుంటే అమ్మా అని పిలవమని ఒక్కనాడూ అడగలేదు. అన్నిటికన్నా ఆయనను కలవరపెట్టినది మరొకటి. ఒకసారి ఆండాళుకు మూర్ఛ వస్తుండగా ఆయన తలుపు సందులోంచి చూశారు. పిల్ల ఒళ్ళు విల్లులా వంగిపోతోంది. హైమవతి ఆ పిల్ల ముఖం చూడటం లేదు. చేతి గడియారం చూస్తోంది. ఆమె కంట ఒక్క చుక్క నీరు లేదు.

ఆచార్యులు మాత్రం ఆ తలుపు వెనక గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చారు.

మర్నాడు ఉదయం కాఫీ ఇస్తున్న హైమవతితో, ఈమధ్య నువ్వు చిక్కిపోయావమ్మా, నాడి ఒకసారి చూడాలి అని ఆచార్యులు చెప్పారు. కడియం ఆమె చేతికి తొడిగారు. స్తంభాన్ని పూజగదిలో, ఆమెకు కనబడని చోట పెట్టారు. ఆమె ఎప్పటిలాగానే పిల్లకు స్నానం చేయించింది, తినిపించింది, మాత్ర వేసింది, ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాఠం చదివించింది. పూజగదిలో పొద్దంతా నీలపు గొట్టమే వెలిగింది. ఎరుపు మిణుకుమని కూడా అనలేదు.

ఆచార్యులకు గుండె బరువెక్కింది, లోలోపల ఒకవిధమైన తృప్తి కూడా కలిగింది. తన అనుమానం వట్టిది కాదని యంత్రం తేల్చేసింది. ఆ వారమే ఆయన మండలికి విన్నవించుకున్నారు. మనుమరాలి సంరక్షణ తనకు ఇప్పించమని, పిల్ల పినతల్లికి వాత్సల్యం లేదని, కావలిస్తే అధికారికంగా పరీక్షించుకోమని.

మండలి నుంచి కబురు రాగానే హైమవతి మామగారి గదికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆరోజు నాడి చూస్తామన్నారు మావయ్యగారూ," అంది.

ఆయన ముందున్న పుస్తకంలోకి తల వంచుకున్నారు.

"అడిగితే నేనే చెప్పీదాన్ని కదండీ. దొంగచాటుగా చూడవలసినంతదేముంది నా దగ్గర?"

ఆయన తలెత్తకపోయేసరికి ఆమె వెళ్ళిపోయింది. ఆ రోజు మొదలుకొని ఆ ఇంట్లో గాలి మారిపోయింది. ఆయన ఏ వస్తువు అందించినా హైమవతి దాన్ని తిప్పి చూసుకుని గాని తీసుకునేది కాదు. ఆమె పిల్లతో గుసగుసగా మాట్లాడితే ఆయన చెవులు రిక్కించేవారు. ఒకరి అడుగుల చప్పుడు ఒకరు కనిపెట్టుకుని తిరిగేవారు. ఆండాళు ఇద్దరి ముఖాలూ మార్చిమార్చి చూసేది.

పిల్లలకు తెలియనిది లేదు. పూజగదిలో మూడు గొట్టాల స్తంభం ఎందుకుందో ఆండాళు ఎలాగో గ్రహించింది. ఒకనాటి సాయంత్రం పెరట్లో హైమవతి బట్టలు ఆరేస్తుంటే వెళ్ళి కొంగు పట్టుకుంది.

"పిన్నీ, నా మీద నీ దీపం నీలమేనట. ఎర్రగా రావాలంటే నేనేం చెయ్యాలి?"

హైమవతి చేతిలోని తడిబట్ట అలాగే ఉండిపోయింది. నువ్వేమీ చెయ్యక్కర్లేదే అని మాత్రం అంది. ఆండాళుకు ఆ మాట చాలలేదు. తన జబ్బు వల్ల పిన్ని అలిసిపోతోందని, అందుకే దీపం ఎర్రబడటం లేదని ఆ పసిమనసు లెక్క కట్టుకుంది. మూర్ఛ వచ్చే ముందు ఆండాళుకు ముక్కులో కాలిన నూనె వాసన తగిలేది. అది తగలగానే పరుగెత్తుకొచ్చి పిన్నికి చెప్పడం అలవాటు. ఆ సాయంత్రం నుంచి చెప్పడం మానేసింది.

మండలి పరీక్ష పరిశోధనాలయంలోనే జరిగింది. పొద్దున్నే గజపతిరావు గారు ఒక అధికారిణితో వచ్చారు. బల్లకు ఇటువైపు ఆచార్యులను, అటువైపు హైమవతిని కూర్చోబెట్టి, ఇద్దరికీ కడియాలు తొడిగి, పక్కన చెరొక స్తంభం నిలిపారు. ఆండాళును ఆచార్యుల కుర్చీ పక్కనే చాప మీద బొమ్మలతో ఆడుకోమన్నారు. సువార్త కిటికీ దగ్గర నిలబడింది.

అధికారిణి హైమవతిని సూటిగా అడిగింది. ఈ పిల్ల మీ పిల్ల కాదు, మరి ఎందుకు పెంచుతున్నారు?

"మాటిచ్చాను," అంది హైమవతి. "సుచరితా నేనూ ఒకే కార్యాలయంలో పనిచేసీవాళ్ళం. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, నా పిల్లని వదిలీయకే అంది. వదలనన్నాను."

"అంతేనా?"

"అంతేనండి."

నీలపు గొట్టం నిశ్చలంగా వెలుగుతోంది. అధికారిణి తల పంకించి రాసుకుంది. ఆచార్యులు కళ్ళు మూసుకున్నారు. ఇన్నాళ్ళూ తన మనుమరాలు ఒక ఒప్పందానికి షరతుగా పెరిగిందన్నమాట అనుకున్నారు. ఆ బాధతో ఆయన స్తంభంలో ఎరుపు ఎగసింది.

అప్పుడే చాప మీద బొమ్మ దొర్లిన చప్పుడైంది. ఆండాళు పక్కకు ఒరిగిపోయింది. చేతులు కొయ్యబారాయి. కనుగుడ్లు పైకి తేలాయి.

పిల్లకు అందరికన్నా దగ్గరగా ఉన్నది ఆచార్యులు. చెయ్యి చాపితే అందేంత దగ్గర. ఆయన లేవబోయారు, లేవలేకపోయారు. కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. ఒళ్ళంతా చెమట పట్టింది. రోమాలు నిక్కబొడుచుకున్నాయి. తల్లీ అని పిలవబోతే గొంతు పూడుకుపోయింది. కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారాయి. ఆయన పక్కనున్న ఎర్రని గొట్టం ఎన్నడూ ఎవరి విషయంలోనూ వెలగనంత ఉజ్జ్వలంగా మండింది. ఆ వెలుగు గోడల మీద, కిటికీ అద్దాల మీద, నేల మీద గిలగిలలాడుతున్న బిడ్డ మీద పడింది.

హైమవతి బల్ల చుట్టూ తిరిగివచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. బొమ్మలను చేత్తో దూరంగా నెట్టింది. పిల్లను ఒక పక్కకు తిప్పి, తల కింద తన చేతిసంచి మడిచి పెట్టింది. మెడ దగ్గరి గుండీ విప్పింది. నోటి నురుగు కొంగుతో తుడిచింది. గడియారం చూసింది. పిల్ల భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంది. ఆమె ముఖం రాయిలా ఉంది. ఆమె వెనక నీలపు దీపం వెలుగుతూనే ఉంది, కొంచెమైనా వణకలేదు.

ఈసారి మూర్ఛ త్వరగా వదలలేదు. హైమవతి మళ్ళీ గడియారం చూసి తలెత్తకుండానే, సువార్తగారూ, మందు, అంది. సువార్త అప్పటికే సిద్ధం చేసి ఉంచిన మందును పిల్ల బుగ్గ లోపల వేసింది. కొంతసేపటికి ఆండాళు ఒళ్ళు సడలింది. ఊపిరి కుదుటపడింది. పసిదానికి స్పృహ రాగానే హైమవతి అడిగిన మొదటి మాట, వాసన రాలేదా అమ్మా అని.

"వచ్చింది," అంది ఆండాళు నీరసంగా. "చెప్తే నీ దీపం మళ్ళీ..."

హైమవతి పిల్లను ఎత్తుకుని లోపలి గదికి వెళ్ళిపోయింది.

గజపతిరావు గారు జేబురుమాలుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆచార్యుల భుజం తట్టి, మీ దీపం చూశాక ఇంకెవరికీ ఏ సందేహమూ ఉండదు, పిల్ల మీదేనని మండలి ప్రకటించడమే తరువాయి అన్నారు. ఆచార్యులు ఆ మాట విన్నారో లేదో తెలియదు. ఇంకా కుర్చీలోనే ఉన్నారు.

అందరూ వెళ్ళాక సువార్త ఆయన ఎదుట కూర్చుంది.

"గడియారం ఎందుకు చూస్తుందని మీరు నన్ను ఎప్పుడూ అడగలేదు," అంది. "మూర్ఛ ఎంతసేపుందన్న దాన్నిబట్టే మందు వెయ్యాలో అక్కర్లేదో తెలుస్తుంది. చూడమని చెప్పింది నేనే. ముఖం చూస్తూ కూర్చుంటే చెయ్యి ఆడదని కూడా నేనే చెప్పాను."

తన ఎరుపు అబద్ధమా అని ఆచార్యులు అడిగారు. సువార్త కాదంది. అది నిజమైన ప్రేమేనని, కానీ అది చూసేవాడి ప్రేమ అని, చేసేవాడిది కాదని చెప్పింది. ఆ మాట ఆయన గుండెలో దిగబడింది. ఎందుకంటే అది ఆయన చిన్ననాటి నుంచి చదివిన శాస్త్రమే. రసం పుట్టేది ప్రేక్షకుడి హృదయంలో. రంగస్థలం మీద శోకించే పాత్రకు, ఆ పాత్రను ధరించే నటుడికి ఆ కన్నీరు, ఆ గగుర్పాటు ఉండవలసిన పనిలేదు. సభలో తీరికగా కూర్చున్న సహృదయుడికే అవి. ఈ సంగతి శిష్యులకు ఎన్నిసార్లో పాఠం చెప్పిన మనిషి, పురాణం వింటున్నవారి ఒళ్ళు చూసి దాన్ని తల్లి మనసు కొలతగా గొట్టంలో పోసి బిగించేశాడు. అలంకారశాస్త్రం చదవనివాడు ఎవడూ ఇంత పొరపాటు చేసి ఉండడు.

"మీరు కొలతలు తీసుకున్న రోజున నేనూ అక్కడున్నాను ఆచార్యులుగారూ," అంది సువార్త. "ఒకావిడ కథ వింటూ వలవలా ఏడుస్తోంది. ఎర్రటి ఎరుపు. వెనక వరసలో ఆవిడ చంటిపిల్లే గుక్కపట్టి ఏడుస్తోంది. ఆవిడ పెద్దకూతురు లేచి ఆ పిల్లని ఎత్తుకుని మంటపం బయటికి నడిచింది. దాని చేతికీ కడియం ఉంది. నీలం వచ్చింది. అది అలవాటు, అమ్మ చెప్పింది కాబట్టి చేసింది అని మీరు కొట్టేశారు."

ఆయనకు ఆ పిల్ల ముఖం కూడా జ్ఞాపకం రాలేదు.

స్త్రీల మాటకు పెద్దపీట వేశాను అనుకున్నానే అని ఆచార్యులు మెల్లగా అన్నారు. సువార్త కొంచెం నవ్వింది. వాళ్ళు చెప్పింది ఆలన ఒక పని అని. మీరు దాన్ని ఒక భావమని విన్నారు. పెద్దమనుషులు కూడి ఒడంబడికలు రాసుకున్నప్పుడు పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళకు ఆ సభలో చోటివ్వలేదని, శీలవంతుల జాబితాలో అంట్లు తోమిన చేతుల్ని చేర్చలేదని వాళ్ళ ఫిర్యాదు. మీరు చోటైతే ఇచ్చారు, కాని ఆ చోటులో వాళ్ళ బదులు వాళ్ళ కన్నీళ్ళని కూర్చోబెట్టారు. ఇదీ ఆమె అన్నది. చివర్న ఒక ప్రశ్న అడిగింది. ఈ దీపం ఇప్పటికే ఎందరు పిల్లల్ని చేతులు మార్చింది?

ఆచార్యులు ఇంటికి వెళ్ళేసరికి ఆండాళు పిన్ని ఒడిలో నిద్రపోతోంది. హైమవతి తలెత్తి ఆయనను చూసిన చూపులో కోపం లేదు. పిల్లను ఎప్పుడు లాక్కుపోతాడో అని కనిపెట్టుకుని ఉన్న చూపు. తన కోడలి మీద తాను ఇన్నాళ్ళూ ప్రయోగించిన చూపు అదేనని ఆయనకు తెలిసింది.

వాదన రోజున ఆయన మండలి ముందు తన విన్నపం వెనక్కు తీసుకుంటున్నానని చెప్పారు. గజపతిరావు గారు చిరాకు పడ్డారు. మీరు వద్దంటే నియమం ప్రకారం పిల్ల శిశువిహారానికి పోతుంది, హైమవతమ్మగారికి ఎరుపు లేదు కదా, ఆ వాక్యం మీరు రాసిందే కదా అన్నారు. హైమవతి ఒక మూల బల్ల మీద పిల్లను ఆనించుకుని కూర్చుని ఉంది. ఆ మాటకు ఆమె చెయ్యి పిల్ల చుట్టూ బిగుసుకుంది.

ఆచార్యులు సభ్యులందరినీ ఒక్కసారి కడియాలు తొడుక్కోమని కోరారు. యంత్రానికి తుది పరీక్ష కాబోలు అనుకుని వారు ఒప్పుకున్నారు. అప్పుడాయన పురాణ కాలక్షేపంలో చెప్పే ధోరణిలో ఒక కథ ఎత్తుకున్నారు. ఏరు పొంగిన వేళ పడవ కదిలిపోయింది, గట్టున బిడ్డ మిగిలిపోయింది, పడవలోని తల్లి చేతులు చాపింది, నీళ్ళ హోరులో ఆమె పిలుపు వినపడలేదు. ఇంతే కథ. కానీ ఆయన గొంతులో అరవై ఏళ్ళ సాధన ఉంది. పిలుపు వినపడలేదన్న చోట ఆయన స్వరం తెగిపోగానే గజపతిరావు గారి కళ్ళు నిండాయి. ఒకదాని తర్వాత ఒకటిగా స్తంభాలన్నీ ఎర్రబడ్డాయి. గది సంధ్యాకాశంలా అయింది.

మూలనున్న హైమవతి కథ వినలేదు. ఆండాళుకు అప్పుడే కాలిన నూనె వాసన తగిలింది. ఈసారి పిల్ల దాచకుండా చెప్పింది. హైమవతి పిల్లను ఒళ్ళో పక్కకు పడుకోబెట్టుకుని, సంచిలోంచి మందు తీసి చేతిలో పట్టుకుని, గడియారం వంక చూస్తోంది.

ఆచార్యులు కథ ఆపారు.

"నియమం ప్రకారం మీలో ప్రతి ఒక్కరూ ఆమె కంటే అర్హులు," అన్నారు. "అందరికంటే మీ ఎరుపు ఎక్కువగా ఉంది గజపతిరావు గారూ. పాపకు మూర్ఛ వస్తోంది. మీరు తీసుకోండి."

ఎవరూ కదల్లేదు. గజపతిరావు గారు మూల వైపు చూశారు, తన పక్కనున్న ఎర్రని వెలుగు వైపు చూశారు. ఆయన చేతులు బల్ల మీదే ఉన్నాయి. పిల్ల ఒళ్ళు కొయ్యబారి, వంగి, హైమవతి చేతుల్లో కుదుపులు పడి, నెమ్మదిగా సడలేంతవరకు ఆ గదిలో పని చేసిన చేతులు రెండే. మూర్ఛ వదిలాక గజపతిరావు గారు కడియం ఊడదీసి, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టారు. తక్కినవారు కూడా తీసేశారు.

ఆ రోజు నియమం నిలిచిపోయింది. దీపం చెప్పిందని చేతులు మారిన పిల్లల సంగతి మళ్ళీ విచారించాలని నిర్ణయించారు. ఆ ఇళ్ళకు తానే స్వయంగా వెళ్ళి తన యంత్రం తప్పు చెప్పిందని చెప్పి వస్తానని ఆచార్యులు ఒప్పుకున్నారు. వాటిలో ఒకటి జాలరిపేటలో ఉంది. తమ్ముణ్ణి పెంచిన అక్కకు నీలం వెలిగిందని ఆ పిల్లవాణ్ణి దూరపు మేనమామకు ఇప్పించేశారు. ఆ పిల్లవాడు ఇప్పుడు అక్కను చూసినా దగ్గరకు వెళ్ళడం లేదని తర్వాత తెలిసింది. ఒక దీపం చేసిన గాయాన్ని ఇంకొక దీపం మాన్పలేదు.

ఆండాళు పిన్ని దగ్గరే ఉండవచ్చని మండలి చెప్పింది. బయట మెట్ల మీద ఆచార్యులు కోడలి ఎదుట నిలబడి, క్షమించమ్మా అనబోయారు. హైమవతి వారించింది.

"నాకు క్షమాపణ ఒద్దు మావయ్యగారూ. మీ కన్నీళ్ళూ ఒద్దు. ఒప్పందం కావాలి."

ఆయన తెల్లబోయారు.

"నీలమని చిన్నచూపు చూసీసారు గాని, నిద్ర కళ్ళమీదికి వస్తున్నప్పుడు, ఒళ్ళు విరిగిపోతున్నప్పుడు, పిల్ల మీద విసుగు పుట్టినప్పుడు కూడా నన్ను లేపి నిలబెట్టింది ఆ మాటేనండి. ప్రేమ లేదని ఎవరన్నారు? ఉంది. కాని అది రోజూ ఒకే వేళకి రాదు. మాట వస్తుంది."

"చెప్పమ్మా."

"రోజు విడిచి రోజు పాప పక్కన మీరు పడుకోవాలి. నన్ను లేపకుండా చెయ్యవలసింది మీరే చెయ్యాలి. ఎలాగో సువార్తగారు నేర్పుతారు. ముందు దిండు మీద, తర్వాత పాప మీద. మొదట్లో చేతులు వణుకుతాయి. చెయ్యగా చెయ్యగా వాటికే తెలుస్తుంది. మీరు శీలం అంటారే, అది అలాగే వస్తుంది కాబోలు. ఆ కడియం మాత్రం ఇంట్లోకి మళ్ళీ రాకూడదు. దీనికి ఒప్పుకుంటేనే అందరం ఒకే ఇంట్లో ఉంటాం."

ఆచార్యులు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక, పెద్దమనిషి చిన్నపిల్లవాడిలా ఒక సందేహం అడిగారు. ఆ సమయంలో తనకు దుఃఖం ఆగదని, ఏడుపు వస్తే ఏం చెయ్యాలని.

హైమవతి పిల్లను ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

"ఏడవండి," అంది. "చేతులు ఆపకండి."

ఈ కథ చదివినవారికి, చదువుతుండగా విన్నవారికి శ్రీ వరాహ లక్ష్మీనృసింహుని కరుణ కలుగుగాక. కథ వినే తీరిక చిక్కక పొయ్యి దగ్గరనో, రోగి మంచం పక్కనో, ఏడ్చే బిడ్డ ఊయల వద్దనో ఉండిపోయినవారికి ఆ కరుణ ముందుగా, మిక్కిలిగా అందుగాక. వారికి తోడు లేచే మనిషి ప్రతి ఇంటా ఉండుగాక. సర్వే జనాః సుఖినో భవంతు.